రైల్లో ఏడ్చే బిడ్డ, చుట్టూ ఉన్న నలుగురు

రెండేళ్ల పిల్లను చంకనేసుకుని రాత్రి రైలెక్కే తల్లి మనసులో ఒకటే గుబులు. పిల్ల ఎక్కడ రాగం అందుకుంటుందో, అందుకుంటే పక్కవాళ్లు ఏమంటారో! పాలసీసా, మార్చే బట్టలు, దుప్పటి అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటుంది. ఈ గుబులు మాత్రం దిగేదాకా వెంటే ఉంటుంది. ఆ తల్లితోనూ, ఆ పక్కవాళ్లతోనూ కూడా ఈ పూట కాసేపు మాట్లాడదామని వచ్చాను.

నేను చాలా ఏళ్లు ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు చదువు చెప్పాను. ఇప్పుడు అమ్మమ్మని. మా అమ్మాయితో, మనవరాలితో విశాఖపట్నానికీ హైదరాబాదుకీ మధ్య తరచూ తిరుగుతుంటాను. మొన్నామధ్య ఒక ప్రయాణంలో, సామర్లకోట దాటాక, మనవరాలి చేతిలో బిస్కెట్టు రెండు ముక్కలైంది. రెండు ముక్కలూ నా ముందుకు చాపి "అతికించు" అంది. అది అతకదమ్మా అన్నాను. వాళ్లమ్మ కొత్త బిస్కెట్టు తీసిచ్చింది. తోసేసింది. తనకు కావాల్సింది ఆ బిస్కెట్టే, అది ఇందాకటిలా ఉండాలి. ఇక మొదలైంది. ఒళ్లు విరుచుకుని, బెర్తు మీద కాళ్లు తపతపా కొట్టుకుంటూ, బోగీ ఆ చివర ఉన్నవాళ్లు కూడా తల తిప్పి చూసేంత గట్టిగా ఏడ్చింది.

ఎదురు బెర్తాయన చదువుతున్న ఫోను దించి చూశాడు. పై బెర్తులోంచి ఒకావిడ, "కాస్త ఊరుకోబెట్టమ్మా, పొద్దున్నే దిగి ఆఫీసుకి పోవాలి" అంది. పక్క వరసలోంచి ఇంకో పెద్దాయన, "ఒక్కటి తగిలించు, అదే ఊరుకుంటుంది" అన్నాడు. ఇంకెవరో పిల్ల వైపు వేలు చూపిస్తూ, "అదుగో టీసీ వస్తున్నాడు, పట్టుకుపోతాడు చూడు" అన్నారు. అందరూ చదువుకున్నవాళ్లే, మర్యాదస్తులే. మా అమ్మాయి మొహం కందిపోయింది. అయినా పై బెర్తావిడ వైపు తిరిగి, "నిద్రకొచ్చిందండీ. కాసేపట్లో సర్దుకుంటుంది" అని ఒక్కసారి చెప్పి, ఇక బోగీకి వీపు పెట్టి కింద కూర్చుంది. పిల్ల మొహానికి ఎదురుగా తన మొహం వచ్చేలా కూర్చుని, "బిస్కెట్టు విరిగిపోయిందా? కోపమొచ్చిందా?" అని మెల్లగా అడిగింది. ఇంకో రెండు మూడు నిమిషాలు తన్నులు తప్పలేదు. తర్వాత కోపం తగ్గి ఉత్త ఏడుపు మిగిలింది. ఆ ఏడుపులోనే చేతులు చాపింది. మా అమ్మాయి ఎత్తుకుంది.

మా అమ్మాయి "కాసేపట్లో" అన్నది వాళ్లను సముదాయించడానికని అనుకుంటారేమో, కాదు, ఆ మాట అక్షరాలా నిజం. అమెరికాలో మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల లోపు పిల్లల పేచీల గురించి తల్లిదండ్రుల చేత వివరంగా రాయించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువగా కనిపించిన పేచీ నిడివి అర నిమిషం నుంచి నిమిషం. నాలుగింట మూడు వంతుల పేచీలు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. ఇంకో సంగతి కూడా తేలింది. అరవడం, తన్నడం, విసిరికొట్టడం వంటి కోపపు పనులు మొదట్లో ఎక్కువగా ఉండి తగ్గుతూ వస్తాయి. ఏడుపు, ఒడి కోసం వెతుక్కోవడం పోనుపోను పెరుగుతాయి. అంటే ఆ చివరి నిమిషంలో పిల్లకు కావాల్సింది అమ్మ ఒడి. సరిగ్గా అప్పుడే, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో ఆ అమ్మ చెయ్యి ఎత్తితే? పిల్ల ఏ చేతుల కోసం చూస్తోందో ఆ చేతుల నుంచే దెబ్బ తింటుంది.

బిస్కెట్టు కోసం ఇంత గొడవా అని మనకు అనిపిస్తుంది. రెండేళ్ల పిల్లకు వచ్చిన మాటలు ఎన్ని? రెండేసి మాటలు కలిపి చెప్పడం అప్పుడప్పుడే నేర్చుకునే వయసు. మనసులో ఉన్నది కొండంత, చెప్పడానికి చేతిలో ఉన్నది గుప్పెడు మాటలు. కోపాన్ని పట్టి ఆపే పని మెదడులో ముందు భాగానిది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాలి. పైగా రాత్రి, నిద్ర వేళ, కొత్త చోటు, కదిలే బండి. ఐదేళ్లలోపు పిల్లలకు మన రైళ్లలో టిక్కెట్టు అక్కర్లేదు, కాబట్టి వేరే బెర్తూ ఉండదు. తల్లీ బిడ్డా ఒకే బెర్తు మీద సర్దుకోవాలి. మనకే నడుం పట్టేసే చోట ఆ పిల్ల గంటల తరబడి కుదురుగా ఉండాలని కోరుకుంటున్నాం.

విసుక్కునేవాళ్ల మీద నాకు కోపం లేదు. పసిపిల్ల కేక వినీ విననట్టు ఉండడం మనుషులకు చేతకాదు. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం కేకలో ధ్వని సెకనుకు 30 నుంచి 150 సార్లు వేగంగా హెచ్చుతగ్గులవుతూ గరగరలాడుతుంది. మామూలు మాటల్లో ఆ గరగర ఉండదు. అది వినగానే మెదడులో భయానికి, ప్రమాదానికి స్పందించే భాగం మేలుకుంటుంది. ఎవరో ఒకరు లేచి వెళ్లి బిడ్డను చూడడానికే ఆ ఏడుపు అలా ఏర్పడింది. లేచి వెళ్లే వీలు లేనివాడికి అది చిరాకుగా మారుతుంది. ఆ పై బెర్తావిడ నిజంగా అలసిపోయి ఉండొచ్చు, పొద్దున ఎనిమిదింటికి ఆఫీసులో ఉండాల్సిన మనిషే కావచ్చు.

చోటును బట్టి కూడా చిరాకు మారుతుంది. ఇదే పిల్ల ఇదే ఏడుపు జనరల్ బోగీలో ఏడిస్తే ఎవరికీ పట్టదు. పల్లీలమ్మేవాడి కేక, టీ కేక, కిటికీలోంచి గాలి హోరు, పక్కన పేకాట గోల. అందులో పిల్ల ఏడుపు కూడా ఒకటి, అంతే. ఏసీ బోగీలో అద్దాలు బిగించి ఉంటాయి, లైట్లు ఆర్పేసి ఉంటాయి, డబ్బెక్కువ పెట్టి కొన్న నిశ్శబ్దం కాబట్టి అది తమ సొత్తని జనానికి అనిపిస్తుంది. ఇళ్లూ అలాగే మారాయి. ఒకే వాకిట్లో నాలుగు కాపురాలు ఉన్న రోజుల్లో ఏ పిల్ల ఏడ్చినా ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్లు. పసివాళ్ల ఏడుపు రోజూ చెవిన పడేది. ఇప్పుడు ఏళ్ల తరబడి పసిబిడ్డ గొంతు వినకుండా బతికేవాళ్లు ఉన్నారు. అలాంటివారికి ఒక్కసారిగా వినిపిస్తే ఏదో ఘోరం జరుగుతున్నట్టే ఉంటుంది.

అసలు కష్టం చిరాకు దగ్గర లేదు. ఆ చిరాకు చూసి తల్లి ఏం చేస్తుందన్న దగ్గర ఉంది. మన దగ్గర నలుగురి మాటకు బరువెక్కువ. పిల్ల ఏడుస్తుంటే, చూసేవాళ్ల కళ్లలో తాను చేతకాని తల్లిలా కనిపిస్తున్నానని ఆమెకు అనిపిస్తుంది. పట్టించుకుంటున్నానని వాళ్లకు రుజువు చెయ్యడానికి గద్దిస్తుంది, గిల్లుతుంది, వీపు మీద ఒక్కటేస్తుంది. ఇంట్లో ఉంటే ఎత్తుకుని తిప్పే తల్లే బోగీలో చెయ్యి చేసుకుంటుంది. ఆ దెబ్బ పిల్లను బాగుచెయ్యడానికి కొట్టింది కానే కాదు, చూసేవాళ్ల కోసం కొట్టిన దెబ్బ. కొట్టీ భయపెట్టీ పిల్లల్ని పెంచకూడదని రచయిత చలంగారు 'బిడ్డల శిక్షణ'లో ఎంతో గట్టిగా వాదించారు. ఆ పుస్తకం పాతబడింది, మన చెయ్యి మాత్రం ఇంకా అలాగే లేస్తోంది.

భయపెట్టడం సంగతి టీచరుగా నాకు బాగా తెలుసు. జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు కొందరు పిల్లలు నన్ను చూడగానే గుమ్మంలోనే బిగుసుకుపోయేవాళ్లు. వాళ్లను నేను అంతకుముందు చూసి కూడా ఉండను. అడిగితే తెలిసేది, "అల్లరి చేస్తే టీచరుకి చెప్తా, తోలు తీస్తుంది" అని ఇంట్లో ఏడాదిగా చెబుతున్నారని. ఆ పిల్లలు నా దగ్గరికి రావడానికే వారాలు పట్టేది. అందుకే టీసీ పట్టుకుపోతాడు, పోలీసుకి పట్టిస్తా, డాక్టరు సూదేస్తాడు అనే మాటలంటే నాకు ఒళ్లు మండుతుంది. రేపు ఏ జాతరలోనో పిల్ల తప్పిపోతే పరుగెత్తాల్సింది పోలీసు దగ్గరికే. జ్వరమొస్తే ఒళ్లు చూపించుకోవాల్సింది డాక్టరుకే. సాయం చేసే మనుషులనందరినీ ముందే బూచాళ్లను చేసి పెడుతున్నాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. అదే పిల్ల తండ్రి భుజం మీద ఏడిస్తే, "పాపం, ఎంత ఓపికో చూడు, ఒక్కడే ఆడిస్తున్నాడు" అంటారు. తల్లి భుజం మీద ఏడిస్తే పెంపకం బాగాలేదంటారు. మా అల్లుడు పక్కనున్న ప్రయాణాల్లో, పిల్ల ఆయన చేతుల్లోనే ఏడుస్తున్నా, జనం తల తిప్పి చూసేది మా అమ్మాయి వైపే. ఇది అన్యాయం. మగవాళ్లు వింటుంటే వాళ్లకు ఒక మాట. ఎవరైనా మీ ఆవిడను "ఊరుకోబెట్టమ్మా" అన్నప్పుడు మీరు ఫోనులోకి తల దించుకోకండి. జవాబు మీరు చెప్పండి, పిల్లను మీరు అందుకోండి.

మరి తల్లిదండ్రులు ఏం చెయ్యాలి? ముందు, మన వంతు మనం చేసుకోవాలి. ఏడుపు పిల్ల చేతిలో లేదు గానీ, ముందు సీటును తన్నడం, పక్కవాళ్ల సామాను లాగడం మనం ఆపగలిగినవే. ఆపాలి. నిద్ర వేళ దాటకముందే అన్నం తినిపించి, బట్టలు మార్చి, ఎక్కగానే కాసేపు నడవాలో అటూ ఇటూ తిప్పితే సగం పేచీలు మొదలే కావు. తిప్పేటప్పుడు తలుపు దగ్గరికి మాత్రం వద్దు, ఎంత ఏడ్చినా సరే. రైలు కాక విమానమైతే, దిగే వేళకి పిల్లలు ఏడవడానికి కారణం చాలాసార్లు చెవి నొప్పి. పాలో నీళ్లో చప్పరిస్తూ మింగుతుంటే ఆ నొప్పి తగ్గుతుంది.

పేచీ మొదలయ్యాక ఎవరైనా ఏమైనా అంటే, మా అమ్మాయిలా ఒక్క మాట చెప్పండి. నిద్రకొచ్చిందండీ, సర్దుకుంటుంది. అంతటితో ఆపండి. పదిసార్లు సారీ చెప్పక్కర్లేదు, వాదనకీ దిగక్కర్లేదు. అనే మనిషి రాజమండ్రిలోనో విజయవాడలోనో దిగిపోతాడు, మళ్లీ జన్మలో కనిపించడు. ఆ ఐదు నిమిషాల్లో మీకున్న ఓపికంతా పిల్లకే ఖర్చు పెట్టండి. గొంతు తగ్గించి మాట్లాడండి. మన గొంతు లేచేకొద్దీ పిల్ల గొంతూ లేస్తుంది. చుట్టూ చూడాలనిపిస్తుంది, ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టాలనిపిస్తుంది. చూడకండి. మా అమ్మాయి బోగీకి వీపు పెట్టి కూర్చోవడం నాకు బాగా నచ్చింది, అందుకే మీకు చెబుతున్నాను.

ఫోను గురించి అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లు నిండని పిల్లలకు తెర వద్దు, ఆ తర్వాత ఐదేళ్లలోపు రోజుకు గంటకు మించొద్దు. మంచి సూచనే. కానీ రాత్రి పదిన్నరకి, ఒంటరి ప్రయాణంలో, అన్నీ చేసి చూశాక పది నిమిషాలు పాట పెట్టిన తల్లిని నేను తప్పుపట్టను. ఏడిస్తే ఊరుకోబెట్టలేవా అని అడిగిన నోరే, ఫోనిస్తే పిల్లను పాడుచేస్తున్నావని కూడా అంటే ఆ తల్లి ఎక్కడికి పోవాలి? ఫోను శబ్దం మాత్రం మీ బెర్తు దాటనివ్వకండి.

ఇలా నలుగురూ చూసే చూపుల బాధ అందరికంటే ఎక్కువ పడేది ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు. రెండేళ్ల పిల్ల ఏడిస్తే కనీసం పసిది అంటారు. ఏడేళ్ల పిల్లాడు స్టేషన్ హోరుకి, లైట్ల వెలుతురుకి తట్టుకోలేక చెవులు మూసుకుని నేల మీద పడి అరుస్తుంటే, "ఇంత వయసొచ్చి ఏంటిది" అంటారు. చూడ్డానికి వాడిలో తేడా ఏమీ కనిపించదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. చట్టం గుర్తించింది, ప్లాట్‌ఫారం మీద మనం ఇంకా గుర్తించడం లేదు. ప్రతి ఒక్కరికీ వివరం చెప్పుకుంటూ వెళ్లాల్సిన అవసరం ఆ తల్లికి రాకూడదు. ఏడుస్తున్న పిల్లాడి వయసెంత ఉన్నా, వాడికి ఏదో తట్టుకోలేని కష్టం వచ్చిందని అనుకుంటే చాలు, సగం మాటలు మన నోటి దాకా రావు.

ఇక పక్కవాళ్లుగా మనం. 2016లో జపాన్‌లో కొందరు, ఏడ్చినా ఫరవాలేదు అని రాసిన స్టిక్కర్లు పంచడం మొదలుపెట్టారు. వాటిని ఫోను వెనక అతికించుకుంటే, రైల్లో ఎదురుగా కూర్చున్న తల్లికి కనిపిస్తుంది. నోరు తెరిచి పలకరించడానికి మొహమాటపడే చోట అది మంచి ఉపాయం. మనకు ఆ మొహమాటం లేదు. ఊరు, ఇంటిపేరు, జీతం దాకా అన్నీ అడిగేస్తాం. ఆ చొరవనే ఇక్కడ వాడొచ్చు. "ఫరవాలేదమ్మా, పసిపిల్ల కదా" అన్న ఒక్క మాట వినపడితే ఆ తల్లి భుజాలు దిగడం నేను కళ్లారా చూశాను. వేడినీళ్లు తెచ్చిపెట్టొచ్చు. పై బెర్తు ఆమెదైతే మీ కింది బెర్తు ఇవ్వొచ్చు. పిల్లను ఎత్తుకోవాలనిపిస్తే ముందు తల్లిని అడగండి, ఈ రోజుల్లో ఆ జాగ్రత్త ఆమెకు ఉండాల్సిందే. తినేది ఏదైనా సరే, అడగకుండా పెట్టకండి. ప్రేమగా నాలుగు పల్లీలు చేతిలో పోస్తారు. ఏడుస్తూ నోట్లో వేసుకుంటే పల్లీ గింజ శ్వాసనాళంలోకి జారొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు గింజలు గింజలుగా అసలు పెట్టకూడదు.

పిల్లల గోల సంగతికే మళ్లీ వస్తే, జర్మనీలో కొన్నేళ్ల కిందట పిల్లల బడుల మీద, ఆటస్థలాల మీద గోల భరించలేకపోతున్నామని ఇరుగుపొరుగువాళ్లు కోర్టుకెక్కేవారు. అక్కడి పార్లమెంటు 2011లో చట్టం మార్చి, బాలవాడీల్లో, ఆటస్థలాల్లో పిల్లలు చేసే చప్పుడును మామూలుగా హానికరమైన శబ్దం కింద లెక్కించరాదని తేల్చింది. ఫ్యాక్టరీ మోతకు పెట్టే కొలత పసివాళ్ల గొంతుకు పెట్టకూడదని ఆ దేశం చట్టంలోనే రాసుకుంది. మన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాకూడదు. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లలను ఏకంగా రేడియో స్టూడియోకే పిలిచారు. చీమ చిటుక్కుమన్నా మైకు పట్టేసే గది అది. అక్కడికి పిల్లలను గుంపుగా తీసుకొచ్చి, పాడించి, మాట్లాడించి, నవ్వించి, ఆ సందడిని ఇంటింటికీ వినిపించారు. వాళ్ల బాలానందం కార్యక్రమం వింటూ పెరిగిన తరానికి పిల్లల గొంతు బయట వినిపించడం తప్పుగా తోచకూడదు.

చివరగా, ఏర్పాట్లు చెయ్యగలవాళ్లతో ఒక మాట. తిరుమల క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లలో వేచి ఉండే పిల్లలకు పాలు ఇస్తారు. ఆ పాలు అందే వేళకి గదిలో ఏడుపులు ఎలా తగ్గుతాయో వెళ్లినవాళ్లందరికీ తెలుసు. 2022 మే నెలలో లక్నో మెయిల్లో రైల్వేవాళ్లు తల్లి బెర్తుకు ఆనుకుని పసిబిడ్డకు మడిచిపెట్టే చిన్న బెర్తు అమర్చి చూశారు. అలాంటివి మన వైపు రైళ్లలోనూ రావాలని అడుగుదాం. రైల్వేదాకా వెళ్లలేకపోతే, మీ ఊరి ప్రభుత్వాసుపత్రికి అభివృద్ధి సంఘం ఒకటి ఉంటుంది. ఓపీ చీటీ పట్టుకుని తల్లులు గంటలు గంటలు నిలబడే ఆ వరండాలో ఒక మూల రెండు చాపలు, నాలుగు చెక్క బొమ్మలు, గోడ మీద పిల్లల చేతికి అందే ఎత్తులో ఒక నల్లబల్ల, కాసిని సుద్దముక్కలు పెట్టించమని వచ్చే సమావేశంలో అడగండి. ఖర్చు ఎక్కువ కాదు. సంఘం కుదరదంటే ఆ చాపలు మనమే కొనిద్దాం.